ముందు వరస

న్యూ ఆర్లీన్స్‌లో చర్చి మెట్ల దగ్గర నల్లబట్టల్లో ఇద్దరు ఆడవాళ్ళు. శవపేటికను బండెక్కించారు. జాజ్ బ్యాండు వరస కడుతోంది.

"వదినా, ఆ ట్రాంబోన్ పక్కన పెట్టి కార్లో కూర్చో."

"నేను బ్యాండుతో నడుస్తా."

"మొగుడు పోయిన రోజు కూడానా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆడదాన్ని బ్యాండులో పెట్టుకున్నప్పుడూ నలుగురూ అన్నారు. మీ అన్నయ్య విన్నాడా?"

"ఏడుస్తూ ఎలా ఊదుతావు?"

"శ్మశానం దాకా ఏడుపు పాటలేగా. ఏడుస్తూనే ఊదుతా."

"పోనీ, ఎవరికీ కనపడకుండా వెనక వరసలో నడువు."

"వెనకుంటే గొట్టం చాపినప్పుడల్లా ముందువాడి వీపుకి తగులుతుంది. ముప్పై ఏళ్ళుగా నేను ముందు, ట్రంపెట్‌తో మీ అన్నయ్య నా వెనక."

"ఇవాళ అన్నయ్య లేడుగా వదినా!"

"ఎందుకు లేడు? బ్యాండు వెనకాలేగా ఆ బండి వచ్చేది. ఇలా ఇవ్వు నా టోపీ. ఇవాళా నా వెనకే వస్తాడు."