రోలండ్ లేని టైంటేబుల్

డెర్బీ స్టేషన్ వెనక వీధిలో గ్లెనిస్ నడిపే పబ్బు. ఏప్రిల్ నెల, మంగళవారం మధ్యాహ్నం. రైల్వేలో రిటైరైన డెస్మండ్, క్లిఫర్డ్ ఏటా వెళ్ళే బీరు యాత్ర కోసం కౌంటరు పక్క బల్ల మీద యూరప్ పటం పరుచుకుని కూర్చున్నారు.

"బ్రసెల్స్ కొట్టెయ్‌రా క్లిఫర్డ్. పుల్ల బీరు. ఉల్లిపాయలు నానేసిన వెనిగర్ తెచ్చి గ్లాసులో పోస్తారు. పైగా మనమేదో పుణ్యం చేసుకున్నట్టు మొహం పెడతారు."

"కిందటిసారి ఆ వెనిగరే నాలుగు గ్లాసులు లాగించావు కదా డెస్మండ్."

"బాగుంటుందేమోనని చూశాను. నాలుగోది కూడా బాగోలేదు. కొట్టెయ్."

"కొట్టేశా. కొలోన్?"

"కొలోన్ కూడా ఒక ఊరేనా? దగ్గు మందు తాగే గ్లాసులు. రెండు గుటకలు వేసేసరికి ఖాళీ. అడక్కుండానే ఇంకోటి తెచ్చి పడేస్తాడు వెయిటరు."

"గ్లాసు మీద అట్ట పెట్టి మూస్తే ఆపేస్తాడుగా. మొదటేడు మనకి ఆ సంగతి తెలీదు. పదిహేడు గ్లాసులయ్యాక రోలండ్ చెప్పాడు..."

"వాడి పేరెత్తకు."

"నేనెత్తింది వాడి పేరు కాదు, అట్ట సంగతి."

"అట్ట పేరు చెప్పి వాడి పేరెత్తావు. పంతొమ్మిదేళ్ళు భరించాం వాణ్ణి. ఈ ఒక్క ఏడన్నా ప్రశాంతంగా తాగనీ."

"సరే సరే. అయినా నిజమే అనుకో. ఆ గులాబీ రంగు ఫైలూ వాడూ! ఏ పబ్బులో ఎన్ని నిమిషాలు, ఏ పబ్బులో మరుగుదొడ్డి మేడ మీద ఉంది, అన్నీ అందులోనే."

"సిగ్నల్ క్యాబిన్లో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు కదా, మనల్ని కూడా గూడ్సు బండ్లనుకున్నాడు. ప్రేగ్‌లో సగం గ్లాసు నా చేతిలో ఉండగానే కోటు తొడిగించాడు. 'డెస్మండ్, ఆఖరి ట్రాము ఇంకో నాలుగు నిమిషాల్లో' అని."

"ఆ ట్రాము దొరికిందిగా?"

"దొరికింది. బీరు పోయింది. నీకేది ముఖ్యంరా, ట్రామా, బీరా?"

"బీరే, బీరే. కిందటేడు బ్రూజ్‌లో అయితే నాకు తల కొట్టేసినట్టయింది."

"టీ!"

"అదే చెప్పబోతున్నా."

"మూడొందల రకాల బీర్లున్న పబ్బు. గోడలనిండా సీసాలు. వాడు పబ్బు నడిపే ముసలాయన్ని పిలిచి 'టీ దొరుకుతుందా అండీ' అన్నాడు. ఆ ముసలాయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను, వీడెవడో నాకు తెలీదన్నట్టు."

"డాక్టరు గుండెకి మాత్రలిచ్చాడట కదా."

"మాత్రలు మింగేవాడు ఇంట్లో పడుండాలి. బీరు యాత్రకి టీ తాగేవాణ్ణి వెంటేసుకుని వెళ్తామా?"

"అది సరే డెస్మండ్, ఇంతకీ వాడితో ఏమని చెప్పావు? నన్నెప్పుడైనా అడిగితే ఒకే మాట మీద ఉండాలి కదా."

"నా మోకాలు పోయింది, ఈ ఏడు ప్రయాణం లేదు అని చెప్పాను."

"నమ్మాడా?"

"నమ్మడమా! నాలుగు రోజులు పోయాక మందు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మోకాలికి రాసుకోమని. గిన్నెలో సూపు కూడా! నేను మేడ మీంచి దబదబా మెట్లు దిగొచ్చి తలుపు తీశానా, వాణ్ణి చూశాక గుర్తొచ్చింది కుంటాలని."

"ఏ కాలు కుంటావు?"

"ఏదో ఒకటి."

"చెప్పిన కాలేనా?"

"నాకేం తెలుసురా! సూపు తాగాను, మందు డబ్బా చెత్తలో పడేశాను. ముందు ఆ పటం చూడు. సోమవారం ఎక్కడ ఉంటాం?"

"బాంబెర్గ్."

"అబ్బ, ఆ పొగ బీరు. కాలిన కొట్టం ఆర్పిన నీళ్ళు సీసాల్లో పట్టినట్టుంటుంది. సర్లే, ఉండనీ. ఎన్నింటికి చేరతాం?"

"రైలు చేరినప్పుడు."

"ఏ రైలు?"

"జర్మనీలోదే."

"ఒరేయ్, ముప్ఫై ఆరేళ్ళు టికెట్లు చూశావు, ఒక రైలు పేరు చెప్పలేవా?"

"నేను చూసింది డెర్బీ నుంచి నాటింగ్‌హామ్ దాకా. నువ్వు ఇంజన్లు బాగుచేశావుగా, నువ్వు చెప్పు."

"నేను బాగుచేసి పంపించేవాణ్ణి. అవి ఎక్కడ తిరిగితే నాకెందుకు? ఏయ్ గ్లెనిస్! ఇంకో రెండు పింట్లు పొయ్యి. వీడితో మాట్లాడితే గొంతెండిపోతోంది."

"పోస్తున్నా. ఆ పటం కాస్త జరుపు డెస్మండ్, ఇటలీ మీద పెట్టమంటావా గ్లాసు?"

"పెట్టు. అక్కడ ద్రాక్షసారా తప్ప ఏం లేదు."

"సోమవారం బాంబెర్గ్ అని రాసుకున్నారేంటి? మీరు గీత గీసిన ఆ కొండమీది పబ్బు సోమవారం తియ్యరు."

"ఎవరు చెప్పారు?"

"తియ్యరు. మంగళవారం వెళ్ళాలి, అదీ మూడు దాటాక. ఇంకోటి, కొలోన్ నుంచి తిన్నగా రైలు లేదు. వుర్జ్‌బర్గ్‌లో దిగి మారాలి. పదకొండు నిమిషాలే టైము, మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి."

"ఏం క్లిఫర్డ్, విన్నావా? ఇక్కడి స్కెగ్నెస్ బీచి దాటి ఏదీ చూడని మనిషి మనకి జర్మనీ చెప్తోంది! గ్లెనిస్, నువ్వు బీరు పోసుకో తల్లీ. తాగేవాళ్ళం మేము చూసుకుంటాం."

"మీరు ఏం చూసుకున్నారో పంతొమ్మిదేళ్ళ నుంచి వింటూనే ఉన్నా. ప్రతి ఏడూ మే నెలలో తిరిగొచ్చి ఈ బల్ల దగ్గరే చెప్తారు. ఆ ఊరు బాగోలేదు, ఈ బీరు బాగోలేదు. బాగున్నదాని పేరు అడిగితే ఇద్దరూ రోలండ్ మొహం చూసేవారు. అతను ఫైలు తీసి చదివేవాడు."

"మళ్ళీ రోలండ్! ఈవేళ ఈ పబ్బులో ఇంకో పేరే లేదా?"

"ఒకటి అడుగుతా, చెప్పు క్లిఫర్డ్. టికెట్లు కొన్నారా?"

"కొన్నాం. నేనే కొన్నా, కంప్యూటర్లో. మా మనవరాలు పక్కన కూర్చుంది గానీ, నొక్కింది నేనే."

"ఎవరి ఖాతాలో?"

"ఎప్పుడూ కొనే ఖాతాలోనే. కొత్తది తెరవాలంటే ఏవేవో అడుగుతుంది. పాతదానికైతే పాస్‌వర్డ్ తెలుసు, పిల్లి పేరు."

"ఎవరి పిల్లి?"

"ఎవరి పిల్లేంటి, రోలండ్... రోలండ్ వాళ్ళ పిల్లి."

"అయితే టికెట్లు వచ్చాయన్న ఈమెయిల్ ఉత్తరం ఎవరికి వెళ్తుంది?"

"ఉత్తరమా? ఏ ఉత్తరం?"

"నిన్నే అడుగుతున్నా క్లిఫర్డ్."

"డెస్మండ్, నేను... నాకప్పుడు తట్టలేదురా."

"వెధవా! పంతొమ్మిదేళ్ళు టికెట్ల ఉత్తరం వాడి దగ్గరికే కదరా వచ్చేది!"

"నువ్వు పక్కనుండి చెప్పొచ్చుగా? మోకాలు బాగానే ఉంది కదా, నడిచి రావాల్సింది!"

"అరవకండి. ఆ మూల టేబులువాళ్ళు భోంచేస్తున్నారు. ఎప్పుడు కొన్నావు క్లిఫర్డ్, ఏ రోజు?"

"డెస్మండ్ వాడికి ప్రయాణం లేదని చెప్పాడే, ఆ సాయంత్రమే."

"మందు డబ్బా పట్టుకుని ఎప్పుడొచ్చాడన్నావు డెస్మండ్?"

"నాలుగు... నాలుగు రోజులకి."

"అయితే రెండే టికెట్లని చూసుకున్నాకే వచ్చాడు. సూపు కూడా ఆ తర్వాతే కాచాడు."

"ఛ, వాడంతటి నటుడు కాదు. చూసి ఉండడు."

"చూశాడు. మర్నాడు పొద్దున ఇక్కడికే వచ్చి నాకు చూపించాడు. 'పేర్లు తప్పు రాలేదు కదా, ఒకసారి చూసి పెట్టు గ్లెనిస్, నా కళ్ళజోడు సరిగ్గా లేదు' అన్నాడు. కళ్ళజోడు బాగానే ఉంది."

"పొద్దున్నా? పొద్దున వాడికి ఇక్కడేం పని?"

"మీకు పబ్బంటే మధ్యాహ్నం పన్నెండింటికి తలుపు తెరుచుకునేది. పీపాలొచ్చేది ఎనిమిదింటికి. రోలండ్ రెండేళ్ళుగా వస్తున్నాడు. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు, అందుకని బీరు గొట్టాలు కడుగుతాడు, చిట్టా రాస్తాడు. తర్వాత ఇద్దరం టీ తాగుతాం."

"టీ! ఇక్కడ కూడా టీనా!"

"నవ్వకు డెస్మండ్. నువ్వు నవ్వాల్సిన టైము కాదిది."

"అయితే ఏంటంటావు? ఉరెయ్యమంటావా? ఇద్దరు స్నేహితులు మూడోవాణ్ణి ఒక ఏడు వదిలేశారు. లోకంలో జరగనిదా? మే ఇరవై రెండో తారీఖున తిరిగొస్తాం, రైలు దిగి నేరుగా ఇక్కడికే వస్తాం. వాణ్ణి పిలువు. వాడికో టీ, వాడి టీకి నేనే డబ్బులిస్తాను. సరేనా?"

"ఇరవై రెండున ఇక్కడ ఎవరూ ఉండరు."

"అంటే? సెలవా?"

"పబ్బు ఉండదు. ఈ ఆదివారంతో సరి. కంపెనీవాళ్ళు బిల్డింగు అమ్మేశారు, ఫ్లాట్లు కడతారట."

"ఏంటీ! ఇంత జరిగితే మాకో మాట చెప్పొద్దా?"

"చెప్పాను. ఆరు వారాల కిందట మీ ఇద్దరి ముందే నిలబడి చెప్పాను. మ్యూనిక్‌లో ఏ హోటలైతే బాగుంటుందని కొట్టుకుంటున్నారు. 'అలాగా గ్లెనిస్, పాపం' అని నువ్వు గ్లాసు అందుకున్నావు డెస్మండ్. 'వేపిన గింజలున్నాయా' అన్నాడు క్లిఫర్డ్."

"నేనలా అన్నానా?"

"ఉన్నాయన్నాను. ఇచ్చాను."

"అయ్యో, గ్లెనిస్... నిజంగా నాకు చెవిలో పడలేదు. డెస్మండ్, నువ్వైనా విన్నావా?"

"లేదురా. నలభై పబ్బులకి గీతలు గీశాం. తిరిగొస్తే కూర్చోడానికి ఒక్కటి లేదు. మరి నువ్వెక్కడికి పోతావు గ్లెనిస్? మీ చెల్లెలి దగ్గరికా?"

"చెల్లెలి దగ్గరికి జూన్లో. ముందు బాంబెర్గ్ వెళ్తున్నా. అక్కణ్ణుంచి పిల్సెన్. వచ్చే గురువారం బయల్దేరతాం."

"తాం? ఎవరెవరు తాం?"

"పదకొండు నిమిషాల సంగతి నాకెవరు చెప్పి ఉంటారు డెస్మండ్?"

"రోలండా? వాడూ, నువ్వూనా?"

"అతనికి టీ, నాకు బీరు. వాసన చూడ్డానికి డాక్టరు అడ్డం చెప్పలేదట. నేను తాగి రుచి చెప్తే అతను రాసుకుంటాడు."

"ఓహో! ఇదా సంగతి! క్లిఫర్డ్, చూశావా? మనం వదిలేశామని అక్కసుతో ఈవిడ వెంట పడ్డాడు. ఉత్తరం చూసిన మర్నాడే పొద్దున్నే పరుగెత్తుకొచ్చి అడిగాడన్నమాట, రమ్మని!"

"అతను నన్నేమీ అడగలేదు, ఆ పొద్దున 'సరే' అన్నాడంతే. నేనే అడిగాను అతన్ని, ఫిబ్రవరిలో. పబ్బు పోయాక ఒక్కసారైనా మీరు చెప్పే ఆ ఊళ్ళు చూడాలనుంది, తీసుకెళ్తావా అన్నాను."

"ఫిబ్రవరిలోనా? అప్పటికి మేమింకా వాడితో ఏం చెప్పలేదే! మరి అప్పుడేమన్నాడు?"

"కాదన్నాడు. 'మా డెస్మండ్, క్లిఫర్డ్ లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళలేను గ్లెనిస్, నేను లేకపోతే వాళ్ళు దారి తప్పిపోతారు' అన్నాడు."