తీగలు వెయ్యని గిటారు

ఇంటి వెనక గది. రంపప్పొట్టు. బల్ల మీద గిటారు. అన్నా, తమ్ముడూ.

"ముట్టుకోకు. పాలిష్ ఆరలేదు."

"ఆరిందన్నయ్యా, వేలికి అంటట్లేదు. అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో! లోపలంతా ఖాళీయేనా?"

"వద్దంటే ఎత్తేశావా! అంతా ఖాళీ కాదు. రెండు పక్కలా డొల్ల, మధ్యలో దిమ్మ. మొత్తం డొల్లయితే స్టేజీ మీద సౌండు పెంచగానే ఊళపెడుతుంది."

"నాలాగా అను."

"నేనేం అనలేదు."

"అనవులే, నీ మొహమే అంటుంది. మూడేళ్ళు పట్టింది కదూ?"

"నాలుగు. పై పలకే రెండుసార్లు పగిలింది. మూడు వేళ్ళు లేని చేత్తో చెక్క అదిమిపట్టి ఉలి వేస్తే అంతే మరి."

"శనివారం ప్రోగ్రాంకి దీన్నే పట్టుకెళ్తా. మా అన్నయ్య సొంతంగా చేశాడని మైకులో చెప్తా."

"వద్దు."

"సిగ్గెందుకు?"

"వద్దన్నాను కదా."

"తీగలేవి? ఇటివ్వు, నేనే వేస్తా. ఇదేంటి... లావు తీగ పట్టే గాడి పైన ఉండాలి కదా, కిందికి పెట్టావు? సౌండు నాబ్‌ల కన్నాలూ పైకొచ్చాయి. అన్నయ్యా, మొత్తం తిరగేసి చేశావు!"

"చూసే చేశాను."

"అయ్యో, నాలుగేళ్ళ పని! ఆకారం అటూ ఇటూ ఒకేలా ఉంది కదా, తికమకపడ్డట్టున్నావ్. పర్లేదు, కన్నాలు పూడ్చేసి..."

"తికమకేం లేదురా. కుడిచేత్తో మెట్లు నొక్కి, ఎడమచేత్తో మీటేవాడికి అది."

"మా బ్యాండులో ఎడంచేతివాటం వాళ్ళెవరూ లేరే."

"లేరు."

"మరెవరికి? ...నీకా?"

"ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. మీటడానికి అవి చాలు. నొక్కడం కుడిచెయ్యి నేర్చుకుంది. పాత డబ్బా గిటారుకి తీగలు తిరగేసి వేసుకుని, నువ్వు ఊళ్ళో లేనప్పుడు."

"నేను లేనప్పుడే ఎందుకు?"

"ఊరికే."

"ఇప్పుడెందుకన్నయ్యా ఇదంతా? నలభై దాటాక! ఇది నాకే అనుకుని వాళ్ళందరికీ చెప్పేశాను."

"నిన్ను అనుకోమన్నదెవరు? పన్నెండేళ్ళుగా బ్యాండులో నా చోట్లో నిలబడి వాయిస్తున్నావు. ఎప్పుడైనా అడిగానా?"

"లాక్కున్నానా? ఖాళీ అయింది, వాళ్ళే పిలిచారు. నీకు దెబ్బ తగిలిన వారానికి."

"వారం కాదు. నాలుగో రోజుకి. నా కట్టు కూడా విప్పలేదు."

"నామీద పడతావేంటి? ప్లగ్గు పీకకుండా రంపం మిషనుకి బ్లేడు మార్చేవాడెవడైనా ఉంటాడా? అమ్మ ఇప్పటికీ అదే అని ఏడుస్తుంది."

"అమ్మకి అలా చెప్పింది నేనే."

"అంటే?"

"పీకాన్రా. పీకాకే చెయ్యి పెట్టాను. మళ్ళీ ప్లగ్గు పెట్టింది నేను కాదు. ఆ రోజు ఇంట్లో మనిద్దరమే ఉన్నాం."