మా అత్త పక్కటెముకల్లో సూరీడు

ఇలగొచ్చి కూకో ఉషా. ఇన్నాళ్ళూ నోరిప్పి ఎవులితోనూ అన్లేని మాటొకటి ఉన్నాది నా దగ్గిర. మీయమ్మ నా కడుపులో ఉండగా నాను గ్రహణం సూసినాను. తలుపు సందులోంచి కాదు, ఓరగా కాదు, సూరీడ్ని మింగేస్తంటే కళ్ళారా సూసినాను. నోరు ముయ్యవే, ఈగ దూరుతాది. మరి ఇప్పుడెందుకు సెప్తన్నానంటే, ఇందాక మీయమ్మ అరసవల్లి నుంచి సేసిన ఫోను ఇన్నావు కదా. రేపు సాయంత్రం చందమామకి గ్రహణం, కడుపుతో ఉన్న నిన్ను పొద్దు వాలకముందే గదిలో ఎట్టి బయట గడియ ఎయ్యాలట. కిటికీకి దుప్పటి కట్టాలట. కత్తిపీట అటకెక్కించాలట. నీ ఫోను నా బొడ్లో దోపుకోవాలట. 'మా నాయనమ్మ నిన్ను ఎలగ కాసిందో నువ్వు దాన్ని అలగ కాయమ్మా' అన్నాది. నువ్వేమో మేడెక్కి ఆ కొరికిన చందమామని ఫొటో తియ్యాలని మూడుకాళ్ళ స్టాండు మోసుకొచ్చుకున్నావు. ఇందాకట్నుంచి ఆ స్టాండూ నువ్వూ ఒక్కలాగే గోడకి జారబడున్నారు.

నువ్వు మన ఇంటోళ్ళ గ్రూపులో ఎట్టే ఆకాశం బొమ్మలన్నీ నాను సూస్తానే. బొటనేలు ఎట్టడం రాదు గానీ సూస్తాను, రెండేళ్ళతో లాగి పెద్దవి సేసుకుని మరీ. మొన్న నల్లకన్నం అని ఒకటి ఎట్టినావు, సుట్టూరా నిప్పు. కళ్ళజోడు లేక గ్రూపులో ఉన్న మన ఈశ్వరి గారెలేసి ఫొటో తీసిందేటి అనుకున్నాను, మాడిపోయినా ఎట్టేసిందని. ఇంకోటి, సుక్కలు పుట్టే చోటు అన్నావు, కొండల్లాగ పొగ, అందులో ఎరుపూ నీలమూ. దాని కింద మీయమ్మ రెండు దండాలెట్టి శుభోదయం అన్నాది. దాని కిందే మళ్ళీ గ్రహణానికి ఏటేటి సెయ్యకూడదో బారెడు రాసినాది. ఆ సుక్కలన్నీ కడుపులో మోసే పొగకి గడియేసినోలు ఎవులే భవానీ, అని మీయమ్మని అడగాలనిపించినాది. టైపు రాక ఊరుకున్నాను.

సరే, మాయత్త సంగతి. జగ్గమ్మంటే మీయమ్మకి దేవుడి పటం. నాకు అత్త. రెండూ ఒకటి కాదు. అప్పుడు మేం ఇక్కడే నెల్లిమర్లలో, మిల్లోళ్ళ ఇళ్ళ లైన్లలో ఉండేవోలం, మీ తాతది మిల్లులో పని. పులుసులో ఉప్పు తగ్గితే ముసలిది నాతో అనదు, కుళాయి దగ్గిర పదిమందితో అంటాది. ఓసారి దానికి దగ్గు పట్టుకున్నాది. ఎంతకీ తగ్గకపోతే మీ తాత ఇజీనారం ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించినాడు. లోపల ఏటీ లేదన్నారు. దగ్గు దాని మానాన అది పోనాది, ఎక్స్‌రే మాత్రం ఇంట్లో ఉండిపోనాది. గోడకి మేకు కొట్టి కవరుతో తగిలించినాది. ఇంటికెవులొచ్చినా పీట ఎయ్యదు, ముందు ఎక్స్‌రే తీస్తాది. వాకిట్లో ఎండకి అడ్డంగా పట్టి, 'ఇది ఎడం పక్క, ఇది గుండె, ఇలాంటి ఎముక ఈ జిల్లాలో లేదన్నాడు డాక్టరు బాబు' అంటాది. ఏ డాక్టరూ అన్లేదు, నాను అక్కడే ఉన్నాను. జన్మలో ఫొటో దిగలేదు ముసలిది, దిగితే ఆయుష్షు తగ్గిపోతాదని. మరి ఇదేటత్తా అంటే, ఇది లోపలిది, దీనికి లెక్క లేదు అన్నాది. అందుకే ఓరోజు కుళాయి కాడ నాను నోరు జారినాను. మాయత్త ఎక్స్‌రేలో అన్నీ పడ్డాయి గానీ గుండె పడ్లేదు అన్నాను. అందరూ నవ్వినారు. ఆ నవ్వు నాకంటే ముందే ఇంటికెళ్ళిపోనాది. కానీ ముసలిది పల్లెత్తు మాటన్లేదు. దానికే నాకు భయమేసింది.

ఇంతలో ఎనభైలో పెద్ద గ్రహణం వచ్చినాది, పట్టపగలు, సూరీడికి. మీ తాత మిల్లులో ఉన్నాడు. లైన్లన్నీ తలుపులు బిగించుకున్నాయి. నన్ను గదిలోకి తోసి, ఎల్లకిలా తొంగో, కదలకు, గోక్కోకు, గోక్కుంటే బిడ్డకి మచ్చ పడతాది అని గడియేసి గుమ్మంలో పీటేసుకుని కూకున్నాది. సరిగ్గా అప్పుడే నాకు ముక్కు దురద. అది మర్సిపోడానికి పైకి సూస్తన్నాను, నేల సూస్తన్నాను. పెంకుటిల్లు కదా, పెంకుల సందుల్లోంచి ఎండ దిగి నేలమీద బిళ్ళల్లాగ పడేది ఎప్పుడూ. సూస్తండగానే ఆ బిళ్ళలు ఓ పక్క తరుగుతన్నాయి. తరిగి తరిగి అన్నీ కొడవళ్ళైపోనాయి. గోడ మీద నెలవంకలు, నీళ్ళకుండ మీద నెలవంకలు, నా పొట్ట మీద నెలవంకలు. ఊపిరి తీస్తంటే లేస్తన్నాయి, ఒదిల్తే దిగుతన్నాయి. నువ్వు ఎట్టే బొమ్మలు ఎన్నైనా సూడు, మీయమ్మ మీద నెలవంకలు ఊగినట్టు మళ్ళీ ఎక్కడా సూళ్ళేదు నాను. భయం కూడా ఏసింది. 'అత్తా, ఎండని ఏదో కొరికేస్తన్నాదీ' అని అరిసినాను.

గడియ తీసినాది. తిట్టడానికే తీసినాది, నోరు తెరుసుకునే వచ్చినాది. తెరిసిన నోరు అలగే ఉండిపోనాది. మెల్లగా దోసిలి పట్టినాది. దోసిట్లో ఓ నెలవంక. సెయ్యి జరిపితే అది జరగదు, ఏళ్ళ మీదికి ఎక్కుతాది. సిన్నపిల్లలాగ దాన్ని పట్టుకుందామని సూసినాది ముసలిది. ఇంక ఆగలేకపోనాది. తలుపేసి, లోపల గడియెట్టి, మేకునున్న ఎక్స్‌రే తీసి, పడమటి కిటికీ ఓ రెక్క ఇంత తెరిసి, అడ్డం పట్టి సూసినాది. నాను అదే సందని ముక్కు గోక్కున్నాను. సూసి సూసి, 'రాయే' అన్నాది. మచ్చ పడతాది కదత్తా అన్నాను. 'పడితే పడ్డాది, సూసిన గుర్తుగా ఉంటాది, రా' అన్నాది.

ఎల్లినాను. ఎదురుగా మాయత్త పక్కటెముకలు, నిచ్చెన మెట్లలాగ. మెట్ల మధ్యలో సూరీడు, గోరుముక్కంత. ముసలిది ఎక్స్‌రేని కొంచెం ఇటు జరిపి, కొంచెం అటు జరిపి, ఆ గోరంత సూరీడ్ని సరిగ్గా ఎడం పక్కకి తెచ్చి నా సెవిలో అన్నాది. 'నాకు గుండె లేదన్నావంట గదే కుళాయి కాడ. సూడు, ఎలగ వెలుగుతన్నాదో.'

ఆవిడ సెంప నా సెంపకి ఆనుకుని ఉన్నాది. అంత దగ్గిరగా మేం ఉన్నది అదొక్కసారే. అలగ ఎక్స్‌రేలోంచి సూరీడ్ని సూడకూడదంటావు, కళ్ళు పోతాయంటావు, అది ఇప్పుడు తెలిసినాది. మా ఇద్దరికీ అదృష్టం గట్టిది, అంతే. నువ్వు మాత్రం ఎప్పుడూ అలగ సెయ్యకు. వెలుతురు మళ్ళీ నిండినాది, ముసలిది మళ్ళీ అత్తైపోనాది. నా పొట్ట మీద సెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నాది, బిడ్డ మీద ఒట్టు, ఎవులికీ సెప్పనని. బయటికెళ్ళి గడియేసి, లైను మొత్తం ఇనబడేటట్టు, 'మా కోడలు కదల్లేదు మెదల్లేదు, గోరు కూడా ఆడించలేదు' అన్నాది. మీయమ్మ మచ్చుకైనా ఓ మచ్చ లేకుండా పుట్టినాది. ఇంక ఆ గొప్పంతా జగ్గమ్మదీ, జగ్గమ్మ గడియదీ. మీయమ్మ పరికిణీలు కట్టే రోజుల్లో ముసలిది పోనాది. మంచం మీద ఉండగా ఓ పూట ఎక్స్‌రే ఏపు సూసి, నా ఏపు సూసి, కన్ను కొట్టినాది. మీ తాత పక్షవాతమనుకుని డాక్టరు కోసం పరిగెట్టినాడు.

ఆ టంకుపెట్టి అడుగున సూడు, పాత పట్టుసీర కింద. అదే. వొంపకు, ఇరిగిపోతాది. కిటికీకి అడ్డంగా పట్టు. అదీ మాయత్త. తద్దినానికి దండెయ్యడానికి ఇది తప్ప ఇంకో బొమ్మ లేదు, ఎముకలకి దండేటని మీ తాత ఒప్పుకోలేదు. నీ ఫోన్తో తీసి గ్రూపులో ఎట్టేయ్, ఆ నల్లకన్నం పక్కన. మీయమ్మ ఏటో సూడకుండానే రెండు దండాలెట్టేస్తాది.

వొద్దులే, ఉండు. ఎట్టకు. దండాలెట్టి మళ్ళీ రేపు పొద్దున్నే తాళంకప్ప పట్టుకుని బస్సెక్కేస్తాది అది. బిడ్డ మీద ఒట్టు కదా అని, దానికి జొరమొచ్చినప్పుడల్లా నా నోరు ఎక్కడైనా జారిందేమోనని వణికినాను ఇన్నేళ్ళూ. ఇప్పుడా బిడ్డ తుమ్మితే ఈది అదురుతాది. నన్నే బెదిరిస్తన్నాది. ఇంక ఒట్టు తీసి గట్టున ఎట్టేస్తన్నాను. నీ చందమామకి ఎక్స్‌రే కూడా అక్కర్లేదు, ఉత్త కళ్ళతో సూడొచ్చన్నావు. ముసలిదుంటే నీకంటే ముందే మేడెక్కి కూకునేది.

ఏదీ, ఫోనిలగ తే. మీయమ్మకి కలుపు. నాను మాటాడతాను, నువ్వు మధ్యలో దూరకు. నువ్వెళ్ళి ఆ స్టాండు కాళ్ళు ఇప్పి సూడు, మేడ మీద గచ్చు ఏటవాలుగా ఉంటాది, సరిగ్గా నిలబడతాదో లేదో.