సోములు చూసిన శని

అరసవల్లిలో అట్లు దొరికే కొట్లు చాలానే ఉన్నాయి. అట్టు తినేశాక కూడా లేవబుద్ధి కాని కొట్టు మాత్రం సోములుదొక్కటే. అక్కడ అట్లు పోసేది తాయారు, కోతలు కోసేది ఆమె మొగుడు సోములు. అట్టుకి కనీసం పిండైనా కావాలి. సోములు కోతలకి అదీ అక్కర్లేదు.

పెళ్ళయిన కొత్తలో తాయారు సిగ్గుపడేది. పాముని కళ్ళతోనే అదిలించాననీ, తుపాను రోజున రేకుల షెడ్డు ఎగిరిపోకుండా ఒంటిచేత్తో పట్టుకుని నిలబడ్డాననీ అతను చెబుతుంటే పెనం వైపు తిరిగిపోయేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు సోములు ఏ రోజైనా ఉన్నదున్నట్టు చెబితే, ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది.

ఈమధ్య మాత్రం ఆమెకొక బెంగ పట్టుకుంది. దానికి కారణం మేడ మీదున్న టెలిస్కోపు.

రోజూ పొద్దున్నే అట్టుకొచ్చే మాస్టారొకాయన ఎచ్చెర్ల యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. దూరపు ఊళ్ళో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ, అంత సామాను మోసుకెళ్ళలేనని తన టెలిస్కోపుని సోములుకి అమ్మేశాడు. ఆటోలో వచ్చిందది. తొడంత లావు తెల్లటి గొట్టం, మూడు కాళ్ళ స్టాండు, కన్ను పెట్టి చూసే చిన్నా పెద్దా అద్దాల డబ్బా. మాస్టారే దగ్గరుండి మేడ మీద బిగించాడు, తిప్పడం నేర్పాడు, "దుమ్ము పడనివ్వకు సోములూ" అంటూ పసిపిల్లని అప్పగించినట్టు అప్పగించి వెళ్ళాడు.

సోములు అలాగే చూసుకున్నాడు. తాయారు పాత చీరతో గొట్టానికి తొడుగు కుట్టించాడు. స్టాండు కదలకుండా కాళ్ళ కింద టైరు ముక్కలు పెట్టాడు. రోజూ దీపాల వేళకి మేడెక్కేవాడు, కాసేపటికి దిగొచ్చేవాడు, కొట్లో కూర్చుని చంద్రుడి గురించీ శని గురించీ చెప్పేవాడు. అంతా బాగానే ఉంది. కానీ ఒక్కనాడైనా "రాయే, నువ్వూ సూద్దువుగాని" అని పెళ్ళాన్ని పిలవలేదు. కొత్త గరిటె కొన్నా వీధంతా తిప్పి చూపించే మనిషి!

వీధిలో వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఒకసారి మబ్బన్నాడు. ఇంకోసారి తిథి బాగోలేదన్నాడు. ఆఖరికి తప్పించుకోలేక, శనివారం సాయంత్రం అందరికీ శనిని చూపిస్తానని మాటిచ్చేశాడు.

ఆ శనివారం రానే వచ్చింది. కార్తీకమాసం, ఆకాశం కడిగి బోర్లించిన కంచంలా ఉంది. మబ్బు తునక లేదు. కొట్టు ముందు బెంచీల మీద ముగ్గురు చేరారు. తాయారుకి తమ్ముడి వరసయ్యే ఆటో చినబాబు, ఎదురు లాడ్జి మేనేజరు ఉమాశంకర్, గుడి దగ్గర పూలమ్మే లక్ష్మణమ్మ. ఆవిడ మిగిలిపోయిన చామంతుల్ని ఒళ్ళో పోసుకుని సూదీదారంతో దండ గుచ్చుతోంది.

"సోములన్నా, మా లాడ్జిలో దిగినోళ్ళకి కూడా సెప్పీసినాను" అన్నాడు ఉమాశంకర్. "రేపట్నుంచి సాయంత్రమయితే నీ మేడ మీదికి తోలీస్తాను. కానీ ముందు నాను సూడాల. ఇది కూడా నీ కోతల్లో కోతయితే, నీది ఎలాగూ లేదు గానీ నా పరువు పోతాది."

పకోడీ పిండి కలుపుతున్న తాయారు చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మొగుడి కోతలకి ఊరు నవ్వింది గానీ మొగుణ్ణి చూసి నవ్వలేదు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

"సూద్దువుగాని, కంగారేటి? ఇంకా సీకటి పడాల" అంటూ సోములు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "శని బేగి బేగి వచ్చే మనిషేటి? ఆయన నడకే నిమ్మళం. అసలు ఆ యంత్రాన్ని నాను లొంగదీసిన సంగతి మీకు సెప్పినానా? మాస్టారు అలగ బస్సెక్కినాడు, నాను ఇలగ మేడెక్కినాను. ఎలగ బిగించాలో ఇంగ్లీషులో పుస్తకమొకటుంటే తీసి పక్కనెట్టీసినాను. పెనం మీద అట్టు తిరగెయ్యడానికి పుస్తకం సూస్తామేటి? నానే బిగించినాను, నానే తిప్పినాను. అల్లంత దూరంలో సెల్లుటవరు లేదా, దాని కొస మీద కాకొకటి కూకున్నాది. గొట్టం దాని వైపు మళ్ళించినాను. ఓలమ్మ, కాకొచ్చి నా ముక్కు మీద వాలినట్టే ఉన్నాది! రెక్కల సందున పేలు పాకతన్నాయి."

"పేలు కూడా కనిపించినాయేటి బావా?" అన్నాడు చినబాబు.

"కనిపించడమేటి, లెక్కెట్టినాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? నాను లెక్కెడతన్నట్టు కాకి కనిపెట్టీసింది. ఆడపక్షేమో, సిగ్గుపడి ఎగిరిపోనాది. ఈ రోజుకీ ఆ టవరు మీద వాలదు, కావలిస్తే ఎల్లి సూడు."

ఎవరూ వెళ్ళి చూడలేదు. తాయారు మొదటి వాయి పకోడీ నూనెలో వేసింది.

"సరే, కాకినొగ్గీసి సెందమావ మీద పడ్డాను. మొదట పెద్దద్దం ఎట్టినాను. ఒళ్ళంతా గుంటలే. మా తాయారు పోసిన అట్టు మీద సిల్లులుంటాయి సూడు, అచ్చం అలగే. ఇంక ఆశ ఆగలేదు, బుల్లద్దం ఎట్టినాను. అద్దం ఎంత సిన్నదయితే అంత దగ్గరకొస్తాది, అదీ దాంట్లో మర్మం. సెందమావ ఒక్క ఉదుటున మీదకొచ్చీసినాది! తల ఎనక్కి తీసే సందేదీ? టప్పుమని నుదుటికి తగిలినాది. ఇదిగో, బొప్పి సూడండి!"

ముగ్గురూ వంగి చూశారు. బొప్పి నిజంగానే ఉంది. అది మెట్లగది గుమ్మం తగిలిన బొప్పి. పసుపు రాసింది తాయారే. ఆమె పొయ్యి వైపు తిరిగి పెదవి బిగబట్టుకుంది.

"నీకు బొప్పి కట్టినాది సరే. మరి సెందురుడికేటీ అవలేదేటిరా?" అంది లక్ష్మణమ్మ.

"అవకేటి అత్తా! ఆ మర్నాటి నుంచే సిక్కిపోడం మొదలెట్టినాడు కాదేటి? అమాస దాకా మంచం దిగలేదు."

పకోడీ జల్లెడగరిటెతో తీస్తున్న తాయారు కూడా ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వు వినపడగానే సోములుకి ఊపు పెరిగింది.

"ఇంక శని సంగతి" అని గొంతు తగ్గించాడు.

"అన్నా, నాకొకటి సెప్పు" అన్నాడు ఉమాశంకర్. "ఆయన సూపు మన మీద పడకూడదని జనం తైలాలు పోస్తారు, నువ్వులు దానాలిస్తారు. నువ్వేటి, ఏరికోరి ఆయన మీదికే ఎల్తన్నావు?"

"అదే కదా! ఆయన అందర్నీ సూస్తాడు, ఆయన్నెవడు సూసినాడు? నాను సూసినాను. గొట్టం ఇలగ తిప్పినానో లేదో, గర్రు గర్రుమని సప్పుడు. మన కొట్లో గ్రైండరు ఎవరేసినారా అనుకున్నాను. కాదు, ఆయన సుట్టూ ఉంగరం తిరగతన్నాది! అంతా రాళ్ళూ మంచుగడ్డలేనట, మాస్టారు సెప్పినాడు. అందులోంచి ఒక రాయి జారి, గొట్టంలోంచి దొర్లుకుంటూ వచ్చి నా ఒళ్ళో పడ్డాది."

"ఏదీ ఆ రాయి?" అన్నాడు చినబాబు.

"గ్రైండర్లో ఏసీసినాను. లేపోతే ఈమధ్య మా ఇడ్లీలు అంత మెత్తగా ఎందుకొస్తన్నాయనుకున్నావు? ఆ తర్వాత ఏటయిందో తెలుసా? శని ఇటు తిరిగినాడు. 'ఎవుడ్రా అది?' అన్నాడు. 'నాను స్వామీ, అరసవల్లి సోముల్ని, మీ నాయిన గారి ఊరోణ్ణి' అన్నాను. ఆయన సూర్యనారాయణ కొడుకే కదేటి! తండ్రి ఊరి పేరు వినగానే మెత్తబడిపోయినాడు. 'కూకో, ఏటి కావాల' అన్నాడు. 'ఏలినాటి శని మా ఊరి పొలిమేర దాటి లోపలికి రాకూడదు' అన్నాను. మారుమాట్లాడకుండా ఒప్పీసుకున్నాడు."

"మరి నిన్న నా ఆటో టైరు పేలిపోనాది కదా?"

"ఎక్కడ పేలినాది?"

"సిక్కోలు టౌన్లో, బస్సు కాంప్లెక్సు కాడ."

"అదిగో! అది మన ఒప్పందంలో లేదు."

ఉమాశంకర్ పకోడీ గొంతుకడ్డం పడి దగ్గాడు. సోములు అతని వీపు తడుతూనే కథ నడిపించాడు.

"ఎల్లొస్తానంటే, 'సోములూ, ఈ ఉంగరం నల్లగా మసిబారిపోనాది, ఏటైనా సెయ్యగలవా' అన్నాడు. తండ్రి గారి ఊళ్ళో ఉన్నందుకు ఆ మాత్రం సెయ్యకపోతే ఎలగ? గొట్టంలో సెయ్యి ఎట్టి మెల్లిగా ఉంగరం ఊడదీసినాను. బరువేటీ లేదు గానీ ఎడల్పు, ఒక కొస సోంపేటలో తగలతన్నాది, ఒక కొస ఎస్.కోట కొండలకి తగలతన్నాది. సింతపండెట్టి తోమినాను. మీ అప్ప తాయారు సెంబులన్నీ సింతపండుతోనే కదా తోముతాది. మిలమిలా మెరిసినాక మళ్ళీ తొడిగీసినాను. కంగార్లో కొంచెం ఒంకరగా తొడిగినట్టున్నాను. అందుకే ఇప్పుడు ఒంకరగా కనిపిస్తాది. ఎందుకు ఒంకరగా ఉన్నాదో తెలక సైన్సోళ్ళు జుట్టు పీక్కుంటన్నారు. ఎవులికని సెప్తాను?"

సోములు ఊపిరి పీల్చుకుని అందరి మొహాలూ చూశాడు. ఎవరూ ఆపకపోతే ఇంకెంత దూరం పోయేవాడో. ఇంతలో లక్ష్మణమ్మ దండలోంచి తలెత్తింది. దారం అయిపోయింది. కొత్త దారం సూదిలోకి ఎక్కించడానికి ఒక కన్ను మూసి, సూదిని దీపం వైపు పట్టుకుని ఉన్నట్టుండి అడిగింది.

"అదంతా సరే గానీ, ఏ కన్ను మూసుకుని సూసినావురా?"

"ఏటి?"

"దుర్భిణిలోకి ఒంటికన్నుతో కదా సూడాల. ఏ కన్ను మూసినావని."

"ఎడంది" అన్నాడు సోములు.

"ఏదీ, మూయి సూద్దాం."

సోములు ఎడమ కన్ను మూశాడు. దాంతోపాటు కుడిదీ మూసుకుపోయింది. తెరిచి, మూతి ఓ పక్కకి లాగి మళ్ళీ మూశాడు. మళ్ళీ రెండూ మూసుకున్నాయి. వైపు మార్చి కుడిది ప్రయత్నించాడు. బుగ్గ పైకెక్కింది, నోరు చెవి దాకా సాగింది, కళ్ళు రెండూ గట్టిగా బిగుసుకుపోయాయి.



"అంటే బావా," అన్నాడు చినబాబు మెల్లిగా, "ఇన్నాళ్ళూ నువ్వు రెండు కళ్ళూ మూసుకుని సూసినావా!"

అంతే. ఉమాశంకర్ నవ్వి నవ్వి బెంచీ మీంచి జారి కింద కూలబడ్డాడు. లక్ష్మణమ్మ ఒళ్ళో చామంతులు నేలపాలయ్యాయి. దారినపోయే వాళ్ళు కూడా ఎందుకో తెలీకుండానే ఆగి నవ్వారు.

"సెయ్యి అడ్డమెట్టుకోవచ్చు కదరా సన్నాసీ?" అంది లక్ష్మణమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"రెండు సేతులూ గొట్టానికే సరిపోతన్నాయి అత్తా" అన్నాడు సోములు. "రెండు కళ్ళూ తెరిస్తే గోడా గొట్టమూ కలిసిపోయి మసగ్గా ఉంటన్నాది. మూస్తే మరేటీ లేదు."

అంత పొట్టి సంజాయిషీ అతని నోట తాయారు ఎప్పుడూ వినలేదు. ఆమెకీ నవ్వొచ్చింది, కానీ వేరే సంగతి తట్టి. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ మనిషి తనకి ఒక్కసారైనా కన్నుకొట్టలేదు. ఎంత మర్యాదస్తుడో అని పుట్టింట్లో ఎంతమందికి చెప్పుకుందో! నవ్వుతూనే మొగుడి మొహం చూసింది. తువ్వాలు కొస వేలికి చుట్టుకుంటూ, మెట్ల వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది. పొయ్యి కట్టేసింది, చేతులకంటిన శనగపిండి కడుక్కుంది.

"లెగవయ్యా" అంది. "శనిని సూపిస్తానన్నావు కదా. పద పైకి. మీరూ రండి."

మేడ మీద చీకటి చిక్కబడింది. గుడి వైపు నుంచి మైకులో ఏదో స్తోత్రం సన్నగా వినిపిస్తోంది. దక్షిణాన, కొంచెం ఎత్తులో, మినుకుమనకుండా పసుపుపచ్చటి చుక్కొకటి నిలబడి ఉంది. సోములు చీర తొడుగు తీశాడు. గురి చూసుకోడానికి గొట్టం మీద ఒక చిన్న గాజుపలక, అందులో ఒక ఎర్ర చుక్క. రెండు కళ్ళూ తెరుచుకునే దాన్ని చూసుకోవచ్చు. గొట్టాన్ని వెంట్రుకవాసి కదిపి, ఎర్ర చుక్కని తెచ్చి పచ్చ చుక్క మీద కూర్చోబెట్టాడు. ఆ పని ఎంత నేర్పుగా చేశాడంటే, చినబాబు నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

"ఇప్పుడు సూడు" అంది తాయారు. వెనక నుంచొచ్చి, ఉల్లిపాయ వాసనేసే అరచేతిని అతని ఎడమ కంటికి అడ్డంపెట్టింది.

సోములు వంగి కుడి కన్ను అద్దానికి ఆనించాడు. అతని చెయ్యి తడుముకుంటూ వెళ్ళి చూపు సరిచేసే మరని కొంచెం తిప్పింది, మళ్ళీ కొంచెం వెనక్కి తిప్పింది. తర్వాత ఆ చెయ్యి కదలడం మానేసింది.

"ఏటి కనిపిస్తన్నాదయ్యా?"

"సిన్నది" అన్నాడు సోములు.

"ఏటి సిన్నది?"

"శనే. సిన్నదే తాయారూ. పెసరగింజంత. గింజ సుట్టూ... ఓలమ్మ, ఉంగరం ఉన్నాదే! నిజంగానే ఉన్నాది!"

"గర్రుమంటన్నాదేటి బావా?" అన్నాడు చినబాబు.

"లేదురా" అన్నాడు సోములు. వెటకారం అతని చెవికి ఎక్కనే లేదు. "ఏ సప్పుడూ లేదు. దేనికీ కట్టలేదు, దేని మీదా ఆనలేదు. ఊరికే అలగ ఉన్నాది."

ఉమాశంకర్ ఓపిక పట్టలేక దగ్గరకొచ్చి భుజం తట్టాడు. "అన్నా, జరుగు మరి. నానూ సూడాల."

"ఉండు."

"ఎంతసేపు?"

"ఉండమన్నాను కదేటి."

"సూడనీరా ఆణ్ణి" అంది లక్ష్మణమ్మ పిట్టగోడ మీద కూర్చుంటూ. "శనికేటి తొందర, ఎక్కడికీ పోడు."

తాయారు చెయ్యి నొప్పెట్టింది. అతని కంట్లోకి వెలుతురు దూరకుండా, మెల్లిగా రెండో చెయ్యి మార్చింది.