ఇద్దరు శరభయ్యలు

ఆలమూరు, శనివారం సాయంత్రం. జ్యోతిర్మయి కంప్యూటరు ముందు ఆమె పెదనాన్నగారి అబ్బాయి సుదర్శన్ కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“పన్నెండు రోజులైందే! పన్నెండు రోజుల నుంచి మేడ మీద కంప్యూటరులోకి నీ ఫైలు ఒక్కటీ రాలేదు. అసలు సేవ్ చేస్తున్నావా?”

“రోజూ చేస్తున్నాను అన్నయ్యా. వెళ్లిందనే చూపిస్తోంది.”

“ఎక్కడికి వెళ్లింది?”

“అదే నిన్నడుగుతున్నాను.”

“ఏం ఫైళ్లవి? నోట్సా?”

“నోట్సులాంటివే.”

“నోట్సుకి ఆ ఏడుపు మొహం ఎందుకే?”

“డైరీ. నవ్వకు. అమ్మకి చెప్పకు.”

“నవ్వట్లేదు. మేడ మీదది మధ్యలో ఎవరైనా ఆపేరా?”

“అమ్మ ఆపింది. పిడుగులు పడుతున్నాయని ప్లగ్గు పీకేసింది. మర్నాడు మళ్లీ పెట్టింది.”

“ఆ సందులో జరిగిందన్నమాట. దానికి తాతగారి పేరు పెట్టేను కదా, శరభయ్య అని. నువ్వు సేవ్ కొట్టినప్పుడల్లా నీ కంప్యూటరు ‘శరభయ్య ఎవరండీ?’ అని ఇంట్లో కేకేస్తుంది. ముందు పలికినదానికి ఇచ్చేస్తుంది. తర్వాత లేచింది నోరు మూసుకుంటుంది.”

“ఇంకెవరు పలుకుతారు?”

“ఉండు, పలికినది తనది ఏ నంబరని చెబుతోందో చూడనీ... అయ్యో.”

“ఏంటి అయ్యో?”

“ఏం లేదు.”

“అన్నయ్యా!”

“కొత్త లాప్‌టాప్ కొన్నప్పుడు బాబాయి ‘మా నాన్నగారి పేరే పెట్టరా’ అన్నారు. మనింట్లో నలుగురు మనవళ్లకి ఆ పేరే కదా, మేడ మీదది ఐదోది, ఇది ఆరోది అనుకున్నాను. ఫోటోల కోసం ఫోల్డరు కూడా అచ్చం అలాగే పెట్టేసేను.”

“నాన్నగారి దాంట్లోకా? పన్నెండూనా?”

“ఇదిగో, వరసగా ఉన్నాయి. ఏం రాసేవే?”

“ఏం లేదు.”

“జ్యోతీ.”

“ఏం లేదన్నాను కదా! ఆయన చదివేరా? చూడు, చదివేరా?”

“అది ఇక్కణ్నించి తెలీదే. ఈ మధ్య నీ మీద అరిచేరా?”

“లేదు. అసలు మాట్లాడట్లేదు. అదే నా భయం.”

“సరే, ముందు పని కానీ. ఈ హోస్ట్స్ ఫైల్లో ఒక లైను రాస్తాను, శరభయ్య అంటే ఫలానా నంబరే అని. ఇక కేకలుండవు. ముందు ఈ చీటీ చూసుకుని తిన్నగా మేడెక్కుతుంది.”

“తొందరగా రాయి. ఆ పన్నెండూ తుడిచెయ్యి. నాన్నగారు స్కూలు నుంచి వచ్చే వేళైంది.”

“ఏమర్రా, తలుపేసుకున్నారు? సుదర్శనం, ఆ పనయ్యేక మీ బాబాయి బండి కూడా ఓసారి చూడు నాయనా.”

“ఆయ్, చూస్తాను పిన్నీ. బండికేమైంది?”

“అదే అర్థం కావట్లేదు. వారం పైనుంచి కాలవ వంతెన దగ్గరే ఇంజను ఆపేసి ఇంటిదాకా తోసుకొస్తున్నారు. మెకానిక్కు జగ్గయ్య చూసి ఏ రోగమూ లేదన్నాడు. పెట్రోలా, నిండా ఉంది. ఎందుకండీ అంటే ‘నడిస్తే మంచిదే’ అంటారు. ఈ ఉక్కలో చెమటలు కక్కుకుంటూ!”

“బాబాయికి ఇప్పుడు కసరత్తులా?”

“అదుగో గేటు. వచ్చేసేరు. చూసేవా, బండి అలికిడే లేదు. మంచినీళ్లిచ్చొస్తాను.”

“రాసేసేనే. ఇక ఆ పన్నెండూ తుడిచెయ్యనా? జ్యోతీ... ఏమైందే?”

“మొదటి రోజు ఏం రాసేనో తెలుసా?”

“నాకెందుకులే, చెప్పకు.”

“వంతెన మీద నాన్నగారి బండి చప్పుడు వినబడగానే నా చేతులు చల్లబడిపోతాయి అని రాసేను. అది ఇల్లు చేరేలోపు ఏ పుస్తకం తెరవాలో తెలీక అన్నీ తెరిచి పెట్టుకుంటాను అని రాసేను.”

“అంటే, బాబాయి...”

“తుడవకు. ఆ లైను తీసెయ్యి.”

“తీసేస్తే మళ్లీ ఆయన దాంట్లోకే పోతుందే!”

“పోనీ. ఇవాళ్టిది ఆయనకే రాస్తాను.”