అనకూడని మాట

పొద్దున అమెరికా అంతర్యుద్ధం నాటి గెటిస్‌బర్గ్ రణభూమి చూసి, మధ్యాహ్నం బేస్‌బాల్ ఆటకు రావడం ఆ ముగ్గురు స్నేహితులకు ఏటేటా అలవాటు. ఈసారి డెల్మర్ లేకుండా ఇద్దరే వచ్చారు.

"పొద్దున సమాధుల దగ్గర నోరే విప్పలేదేంట్రా?"

"రాళ్ల మీది పేర్లు పైకి చదివేది డెల్మర్ కదా."

"సర్లే, ఆట చూడు. తొమ్మిదింట్లో ఏడో ఇన్నింగ్స్ వచ్చింది, బంతి విసిరే ఆ పిచర్ కుర్రాడు ఇంకా..."

"ఆగావేం? అవతలి జట్టుకు ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదని అను."

"మెల్లగా. ఆట అయ్యేదాకా ఆ మాట ఎత్తితే దిష్టి తగుల్తుంది."

"పోయినేడూ ఇంతే. డెల్మర్ నా చెయ్యి పట్టుకుని 'ఒరే' అన్నాడు. ఆ మాటే ఎత్తబోతున్నాడనుకుని నోర్ముయ్యమన్నాను."

"నేనూ పెదాల మీద వేలు పెట్టాను కదరా."

"గుండెనొప్పితో రెండు ఇన్నింగ్స్ చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు. ఆట గెలిచాక మనం చప్పట్లు కొడుతూ లేచాం. వాడు లేవలేదు."

"కూర్చోరా. ఇప్పుడెందుకు లేస్తున్నావ్?"

"వినండయ్యా, ఆ కుర్రాడు ఇంతవరకూ ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదు."

ముందు వరుసలవాళ్లంతా వెనక్కి తిరిగి తిట్టారు.

"అనేశావుగా. ఇప్పుడైనా డెల్మర్ నీ చెయ్యి వదిలాడా?"

"లేదురా. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు."