‘ఎలా’ అని అడిగి ఆగే మనిషి

1984వ సంవత్సరం సెప్టెంబరు మూడవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు శ్రీమతి నార్మా హస్లమ్ గారు మా పట్టణంలోని ఆకస్మిక మరణాల విచారణ కార్యాలయంలో టైపిస్టుగా ప్రవేశించారు. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పకపోవడంతో మధ్యాహ్నం వరకు దాన్ని ఒళ్లోనే పెట్టుకుని టైపు చేశారని అప్పటి పెద్ద గుమాస్తా చెప్పుకునేవారు. ముప్పై ఎనిమిది సంవత్సరాల అనంతరం, ఈ నెల ముప్పయ్యవ తేదీన వారు పదవీ విరమణ చేయనున్న శుభ సందర్భంలో, వారి పక్క బల్ల దగ్గర ముప్పై ఆరేళ్లు కూర్చున్న నాకు ఈ నాలుగు మాటలు రాసే బాధ్యత అప్పగించారు. నాకు పొగడటం చేతకాదు. ఆ సంగతి తెలిసే అప్పగించారని నా అనుమానం.

మా కార్యాలయం చట్టప్రకారం నాలుగే నాలుగు ప్రశ్నలకు జవాబు రాస్తుంది. మరణించినది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా? ‘ఎందుకు’ అన్న గడి మా ఫారంలో లేదు. మొదటి మూడు గడులూ సాధారణంగా అరగంటలో నిండిపోతాయి. నాలుగవది ‘హౌ’. దాని ఎదుట రెండంగుళాల ఖాళీ ఉంటుంది. కాలువలో పడి అనో, మెట్ల మీదనుంచి జారి అనో రాస్తే మాబోటివాళ్లకు చాలును. 1989లో విచారణ సహాయాధికారిగా పదోన్నతి పొంది, మృతుల కుటుంబాలతో మాట్లాడే గురుతర బాధ్యతను స్వీకరించిన నాటినుంచి నార్మా గారికి మాత్రం ఆ రెండంగుళాలు ఏనాడూ చాలలేదు.

ఇంగ్లీషులో ఈ ‘హౌ’ అనేది గొడ్డుచాకిరీ చేసే మాట. వయసు అడిగినా, దూరం అడిగినా, ధర అడిగినా దానితోనే అడుగుతాం. ముచ్చటపడినా దానితోనే ముచ్చటపడతాం. అన్నిటికన్నా ఎక్కువగా దాన్ని పలకరింపుల్లో అరగదీస్తాం. ఎలా ఉన్నావని అడిగినవాడు జవాబు కోసం ఆగడు, బాగున్నానని చెప్పినవాడు నిజం చెప్పడు, ఇద్దరూ గొడుగులు విప్పుకుని చెరోదారిన పోతారు. మా ఊళ్లో మర్యాదంటే అదే. నార్మా గారికి ఈ మర్యాద తెలియదు. ఆవిడ అడిగి ఆగుతారు. వాళ్లమ్మాయి జానిస్ చిన్నప్పుడు బడినుంచి వచ్చి, ఎలా జరిగిందంటే ‘బాగానే’ అని చెప్పి మేడమీదికి పారిపోవడం ఆ ఇంట్లో ఒక్కనాడూ కుదరలేదట. పాపం, ఆ పిల్లే నాతో మొరపెట్టుకుంది.

ఆ ఆగడం వల్ల ఏమి జరిగిందో ఒక్కటి చెబుతాను. అది నాకు గౌరవం తెచ్చే కథ కాదు.

1996 సెప్టెంబరులో ఎడ్నా టాంగ్ అనే అరవై ఒక్క ఏళ్ల ఆవిడ తెల్లవారగానే ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికి వెళ్లి, కాలువలో శవమై దొరికింది. భర్త స్టాన్లీ టాంగ్ గారు బస్సు డ్రైవరుగా చేసి విరమించిన మనిషి. సముద్రం ఒడ్డున తన చెల్లెలి దగ్గరికి కాపురం మార్చుదామని ఎడ్నా, ససేమిరా రానని ఈయన, ముందురోజు భోజనాల దగ్గర మాటామాటా అనుకున్నారు. ‘పోవాలనుంటే నువ్వే పో’ అన్నది ఆయన చివరి మాట. ఇంట్లో చెప్పులు, ముందురోజు తగవు, ఎదురుగా కాలువ. అప్పటికే పదేళ్ల అనుభవం ఉన్న నేను ‘హౌ’ గడిలో ‘తానుగా నీటిలో దిగి’ అని పెన్సిలుతో రాసి ఉంచాను. ఇంకు పెట్టడమే తరువాయి.

ఆ వారం టాంగ్ గారు మా గదికి వచ్చి టోపీ తీయకుండానే కుర్చీలో కూలబడ్డారు.

“ఎలా పోయిందో నాకు చెప్పకమ్మా. నీళ్లలో పడితే ఎలా పోతారో నాకు తెలీదా? ఎందుకెళ్లిందో చెప్పు. నా మాటకేనా?”

“అది మేం రాయమండీ టాంగ్ గారూ. రాసే హక్కు మాకు లేదు” అన్నారు నార్మా గారు. “మీరెలా ఉన్నారు?” అని అడిగారు.

“బాగానే ఉన్నా.”

ఆవిడ కలం కింద పెట్టి ఆగారు. నేను గోడ గడియారం చూశాను. కాగితాలు సర్దినట్టు నటించాను. మధ్యలో దగ్గాను కూడా. పదకొండు నిమిషాలు గడిచాయి.

“ఏం బాగు, నా మొహం” అన్నారు చివరికి టాంగ్ గారు. “రొట్టె కాల్చుకుంటే మాడిపోతోంది. పాలు కాచుకుందామంటే ఆ గిన్నె ఏమైందో కనబళ్లేదు. నీలం అంచు తెల్లగిన్నె. ముప్పైయేళ్లు అదే మేకుకి వేలాడింది.”

“ఆ గిన్నెతో ఇంకా ఏం చేసేదండీ ఆవిడ?”

“అన్నీ దాంతోనే. పాలు కాచేది, పిండి కలిపేది. సెప్టెంబరొస్తే జామ్‌కి పళ్లు...” ఆయన అక్కడితో ఆగిపోయారు.

ఆ మధ్యాహ్నమే నార్మా గారు రబ్బరు బూట్లు వేసుకుని, నన్నూ లాక్కుని కాలువ గట్టుకు బయలుదేరారు. టాంగ్ వారి పెరటి గేటు దాటితే గట్టే; చెప్పులు మార్చుకుని వెళ్లవలసినంత దూరం కాదు. అక్కడ బ్లాక్‌బెర్రీ ముళ్లపొదల్లో నీలం అంచు తెల్లగిన్నె దొరికింది, సగానికి పళ్లతో, పైన బూజుతో. దాని పక్కన గట్టు మట్టి విరిగి నీళ్లలోకి జారి ఉంది. ఆసుపత్రి నివేదికలో ‘గోళ్ల కింద మురికి’ అని ఉన్నచోట, అది ఏ రంగు మురికో ఫోనులో అడిగారు ఆవిడ. ఊదా రంగన్నారు, ఆ పళ్ల రసం రంగే.

ఆఫీసుకు తిరిగొచ్చాక తన రబ్బరు ముక్కను నా బల్లమీద పెట్టారు.

“రాసింది నువ్వేగా క్లిఫ్. చెరుపు.”

చెరిపాను. విచారణాధికారి గారు చివరకు ‘ఉదయం కాలువ గట్టుపై పళ్లు కోస్తుండగా మట్టి విరిగి, ప్రమాదవశాత్తు నీటిలో పడి’ అని నిర్ణయించారు. ఆ వాక్యాన్ని టాంగ్ గారు రెండుసార్లు చదివించుకున్నారు.

“అయితే నా జామ్ కోసం వెళ్లింది.”

“ఆ మాట మేం రాయలేదండీ” అన్నారు నార్మా గారు.

“నువ్వు రాయలేదులే తల్లీ” అని ఆయన టోపీ పెట్టుకున్నారు.

ఆయన ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికారు. నా పెన్సిలు రాత ఇంకుగా మారి ఉంటే, ఆ పద్నాలుగేళ్లూ దాని కింద నలుగుతూ బతికేవారు. దీనికి నేను ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

2004లో ప్రధాన విచారణ సహాయాధికారి పదవిని అలంకరించిన నార్మా గారు, పెద్ద జీతంతో నగరానికి బదిలీ వచ్చినా సున్నితంగా తిరస్కరించి, తమ వద్ద శిక్షణ పొందిన వారందరికీ ఒకే పాఠం బోధించారు: ఫోను చేసి ఎలా ఉన్నారని అడిగాక కలం కింద పెట్టాలి. వారి టీ ఎప్పుడూ చల్లారిపోవడానికి కారణం ఇదే. ఆ ఆలస్యాన్ని ఇంటివద్ద చల్లారిన భోజనంగా ముప్పై ఎనిమిదేళ్లు సహించిన భర్త శ్రీ డెనిస్ హస్లమ్ గారికి కార్యాలయం పక్షాన కృతజ్ఞతలు.

శ్రీమతి నార్మా హస్లమ్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చీకూచింతా లేని మనస్సుతో, వేడి టీతో చిరకాలం జీవించాలని మా అందరి ఆకాంక్ష.

ముప్పై ఆరేళ్లుగా ప్రతి ఉదయం కోటు తగిలించుకుంటూ నేను ఆవిడను ఎలా ఉన్నారని అడిగాను. ఏ ఒక్క రోజూ జవాబు కోసం ఆగలేదు. వేలమంది దుఃఖం విన్న మనిషిని ఆ మాట నిజంగా అడిగినవాళ్లు ఈ ఆఫీసులో ఉన్నారా అంటే నాకు తెలియదు. ముప్పయ్యవ తేదీ సాయంత్రం సభ ముగిశాక, కుర్చీ ఆవిడ బల్ల దగ్గరికి లాక్కుని అడుగుతాను. బాగానే ఉన్నానంటారు, నాకు తెలుసు. నేను లేవను.